సముద్రం గీస్తే జెండా అంటున్నారు, ఎక్కడ తేడా కొడుతోంది?

సగంగీత
నాలుగు నెలలుగా ఒకే బొమ్మ మీద కూర్చున్నా. ఒడ్డున కూర్చుని చూసిన సముద్రాన్ని గీతలు, చారలు, మహా అయితే ఒకట్రెండు దీర్ఘచతురస్రాలతోనే చెప్పాలని పంతం. మొదట్లో పడవ ఉండేది, తీసేశా. పక్షులుండేవి, తీసేశా. మేఘం ఒకటి చాన్నాళ్లు మొండికేసింది, చివరికి దాన్నీ కప్పేశా. ఇప్పుడు 60 × 75 సెంటీమీటర్ల కాన్వాసు మీద అడ్డంగా ఐదు చారలు మిగిలాయి. పైన లేత నీలం, దాని కింద ముదురు నీలం, తర్వాత నెమలికంఠం రంగు, తెలుపు, అడుగున ఇసుక రంగు. అన్నీ ఒకే వెడల్పు. టేప్ వేసి గీశా కాబట్టి అంచులు బ్లేడుతో కోసినట్టున్నాయి. ఫోటో కింద పెట్టాను చూడండి.

నిన్న మా వదిన వచ్చి బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. నేను లోపల్లోపల మురిసిపోతున్నా. "బాగానే ఉందిగానీ, ఇది ఏ దేశం జెండా?" అంది.

అప్పట్నుంచి నాకూ జెండానే కనిపిస్తోంది, సముద్రం ఎటు పోయిందో తెలీట్లేదు. తీసెయ్యాల్సినదానికన్నా ఎక్కువ తీసేశానా? ఎక్కడ ఆగాలన్నది మీరెలా తేల్చుకుంటారు?

పక్కింటి_పికాసో
వదినగారిది దొడ్డ మనసు. నేనైతే జంపఖానా అనేవాణ్ణి.

నీటిబొట్టు
నాకు నచ్చింది. కానీ సముద్రం అని మీరు చెప్పాకే సముద్రం అనిపించింది, అబద్ధం ఎందుకు.

మసిబొగ్గు
నీటిబొట్టు అన్నదే అసలు విషయం. పేరు చెబితేగానీ కనిపించని సముద్రం సముద్రం కాదు. చారలు గీసి కింద "తీరం" అని రాస్తే తీరం, "పొలం" అని రాస్తే పొలం. ఈ బాపతు బొమ్మల్లో సగానికి సగం పక్కన అంటించిన పేరు చీటీ మీదే బతుకుతున్నాయి.

ఉప్పుగాలి
మసిబొగ్గు గారూ, డచ్ చిత్రకారుడు మోండ్రియాన్ సంగతేంటి మరి? 1914లో నెదర్లాండ్స్ వచ్చి, యుద్ధం వల్ల పారిస్‌కి తిరిగి వెళ్లలేక అక్కడే చిక్కుకుపోయాడు. డొంబర్గ్ తీరం ఆయనకి అంతకుముందు నుంచీ అలవాటే. ఆ సముద్రాన్నీ, నీళ్లలోకి చొచ్చుకెళ్లిన కట్టనీ పట్టుకుని గీసి గీసి, 1915కి పొట్టి అడ్డగీతలు, పొట్టి నిలువుగీతలు మాత్రమే మిగిల్చాడు. కూడిక గుర్తులు, తీసివేత గుర్తులు చల్లినట్టుంటుంది. నీలం లేదు, అసలు రంగే లేదు, నలుపూ తెలుపే. కానీ పైకి వెళ్లే కొద్దీ ఒకలా, కిందికి వచ్చే కొద్దీ ఒకలా, నడుమ ఆ కట్ట నిలువుగా పైకి వస్తూ... కాసేపు చూస్తే నీళ్ల మీద ఎండ మిలమిలలాడుతుంది. పేరు మూసేసి చూడండి.

మసిబొగ్గు
మీకు ఏ ప్రశ్న ఇచ్చినా మోండ్రియాన్ దగ్గరికి లాక్కెళ్లి కడతారు. ఆవు వ్యాసం.

ఉప్పుగాలి
ఆవు వ్యాసమే అనుకోండి. అయినా ఆవు సముద్రం దగ్గరే ఉంది కదా.

పాతకుంచె
సగంగీతా, ఎక్కువ తీసేశావా తక్కువ తీసేశావా అన్న లెక్క పక్కనపెట్టు. తీసెయ్యడం ఒక్కటే పని అనుకున్నావు, పొరపాటు అక్కడుంది. పడవ తీసేసినప్పుడు దానితోపాటు పోయింది ఏంటో చూశావా? ఆ పడవ ఉన్నన్నాళ్లూ అది ఎంత దూరంలో ఉందో తెలిసేది. ఆ దూరం పడవ సొత్తు కాదు, సముద్రానిది. దాన్ని చారల్లోకి మార్చి పెట్టకుండా పడవతోపాటే పారేశావు.

సగంగీత
అక్కా, ఈ మాటకి కుర్చీలోంచి లేచా. కానీ పడవ లేకుండా దూరాన్ని చారలో ఎలా పెడతాం?

లెక్కల_మాస్టారు
ఇది నా వీధి, దారివ్వండి.

నీటి ఒడ్డున నిలబడ్డారనుకోండి, కళ్లు నేలకి 1.6 మీటర్ల ఎత్తులో ఉంటాయి. నీళ్లూ ఆకాశం కలిసే గీత మీకు సుమారు 4.5 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఇప్పుడు చెయ్యి చాచి బొటనవేలు అడ్డంగా పెట్టి, పై అంచు ఆ గీతకి ఆనించండి. బొటనవేలి వెడల్పు కంటికి సుమారు 2 డిగ్రీలు. సుమారు 45 మీటర్ల నుంచి 4.5 కిలోమీటర్ల దాకా ఉన్న నీళ్లన్నీ ఆ వేలి వెనకాల దాక్కుంటాయి. కూర్చుని చూస్తే ఇంకా ఘోరం, 23 మీటర్ల అవతల ఉన్నదంతా వేలి చాటుకి పోతుంది.

అంటే మీ ముదురు నీలం చార, నెమలికంఠం చార రెండూ కలిపి చూస్తే పైకి పోయేకొద్దీ దారుణంగా సన్నబడాలి. మీరు అందరికీ సమానంగా పంచిపెట్టారు. సమానంగా పంచితే జెండా అవుతుంది, చాలా జెండాల చారలు అలాగే ఉంటాయి.

పక్కింటి_పికాసో
మాస్టారు బొటనవేలితో సముద్రాన్ని మాయం చేశారు. అగస్త్యుడి తర్వాత మళ్లీ మీరే.

నీటిబొట్టు
మాస్టారూ, కొండ మీంచి చూస్తే?

లెక్కల_మాస్టారు
30 మీటర్ల ఎత్తు నుంచి అయితే గీత దాదాపు 20 కిలోమీటర్ల అవతలికి జరుగుతుంది, కానీ అది కాదు సంగతి. అదే బొటనవేలు ఇప్పుడు సుమారు 800 మీటర్ల అవతల ఉన్న నీళ్లనే మూస్తుంది. దగ్గర నీళ్లన్నీ వేలికి దిగువన కనబడుతూ పరుచుకుంటాయి. ఎత్తుకి వెళ్లేకొద్దీ సముద్రం గోడలా లేచి నిలబడుతుంది. ఒడ్డున అది అడుగున పడి ఉన్న పట్టీ, కొండ మీద అది పేజీ. చారల వెడల్పు ఎంచుకున్నారంటే చూసేవాణ్ణి ఎక్కడ నిలబెట్టాలో ఎంచుకున్నట్టే.

మసిబొగ్గు
బాగుంది. కొలతలు వేసి గీస్తే సర్వే పటం అవుతుంది, బొమ్మ కాదు. రూపాలు లేని అమూర్త చిత్రం అంటూ మొదలెట్టి చివరికి పర్‌స్పెక్టివ్ పాఠం దగ్గర తేలాం.

పాతకుంచె
ఈసారి మసిబొగ్గుతో సగం ఒప్పుకుంటా. కొలిచి ఆ కొలతే గీయమని కాదు. సమానమైన చారల్లో చూసేవాడు ఎక్కడా లేడు, అందుకే బొమ్మ గాల్లో వేలాడుతోంది. కొలత తెలిశాక దాన్ని తప్పించు, సాగదియ్యి, తలకిందులు చెయ్యి, నీ ఇష్టం. తెలియకుండా సమానంగా పంచడం వేరు, తెలిసి పంచడం వేరు.

ఉప్పుగాలి
చిత్రకారిణి నస్రీన్ మొహమదీ గుర్తొచ్చారు. (మోండ్రియాన్ కాదు, గమనించగలరు.) 1937లో పుట్టారు, 1972 నుంచి బరోడాలో పాఠాలు చెప్పారు, 1990లో పోయారు. సిరా, పెన్సిలుతో స్కేలు పెట్టి గీసిన సన్నటి గీతలు, అంతే. ఆకాశం లేదు, నీరు లేదు. కానీ గీతకీ గీతకీ మధ్య ఖాళీ మారుతూ పోతుంది, ఒకచోట దగ్గరపడతాయి, ఒకచోట ఊపిరి పీల్చుకున్నట్టు దూరం జరుగుతాయి. సగంగీతకి కావాల్సింది ఆ ఖాళీల్లో ఉంది. ఆవిడ ఫోటోలు కూడా తీసేవారు, ఇసుక, నీటి అంచు, నేల మీద చారలు, నీడలు. బతికుండగా వాటిని ప్రదర్శనకి పెట్టలేదు. ఇప్పుడు ఆ ఫోటోలూ గీతలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే కన్ను అని తెలిసిపోతుంది.

మసిబొగ్గు
ఆ గీతలన్నీ సముద్రమే అని తేల్చేస్తే ఆవిడకి అన్యాయం చేసినట్టు. నేత మగ్గం కావచ్చు, రోడ్డు కావచ్చు, సంగీతం కావచ్చు, ఏదీ కాకపోనూ వచ్చు.

ఉప్పుగాలి
సముద్రమే అనలేదు. ఒకే కన్ను అన్నాను.

చీకటిగది
నేను ఫోటోలు తీసేవాణ్ణి, కుంచె పట్టలేదు. అంచుల గురించి ఒక్క మాట. సగంగీత బొమ్మలో నాలుగు అంచులూ ఒకేలా పదునుగా ఉన్నాయి. తీరంలో అలా ఉండదు. అక్కడ నిజంగా పదునైన అంచు ఒక్కటే, నీళ్లూ ఆకాశం కలిసేచోట. అదీ రోజూ కాదు.

గాలి ఉన్న రోజు చూడండి. అలల ముఖాలు మనవైపు వంగి ఉంటాయి, అవి గీత దగ్గరి పాలిపోయిన ఆకాశాన్ని కాకుండా ఇంకా పైనున్న ముదురు ఆకాశాన్ని చూపిస్తాయి. అందుకే దూరపు నీళ్లు నల్లబడి గీత కత్తిలా కనిపిస్తుంది. గాలి పడిపోయిన రోజు నీళ్లు అద్దం, పక్కనే ఉన్న లేత ఆకాశాన్నే తిప్పి చూపిస్తాయి, గీత కరిగిపోతుంది, పడవ గాల్లో తేలుతున్నట్టుంటుంది. ఒకే చోటు నుంచి నేను వారం తేడాతో తీసిన రెండు ఫ్రేముల్లో ఒకదాంట్లో గీత ఉంది, రెండోదాంట్లో లేదు. కెమెరా చెడిందేమో అనుకున్నా.

ఇంకోటి. గీత బాగా ముదురుగా ఉన్న రోజు దాని పైనే ఆకాశంలో సన్నటి తెల్లటి పట్టీ కనిపిస్తుంది. సగం మన కంటి మాయే. ముదురూ లేతా కలిసేచోట కన్ను లేతవైపు ఇంకాస్త లేతగా చేసి చూపిస్తుంది. 1860లలో మాక్ అనే ఆయన దీన్ని గమనించి రాశాడు, ఆయన పేరుతోనే మాక్ పట్టీలంటారు. దాన్ని గీయాలా వద్దా అన్నది మీ చిత్రకారుల తలనొప్పి.

పాతకుంచె
గీయొద్దు. అంచు సరిగ్గా పడితే చూసేవాడి కన్నే దాన్ని గీసుకుంటుంది. మనం గీస్తే రెండు పట్టీలవుతాయి.

సగంగీత
అంటే టేప్ ఒక్క గీతకే వెయ్యాలా? మిగతావి చేత్తోనా? చేత్తో గీస్తే నా గీత ఊగుతుందండీ, అందుకే టేప్ మొదలెట్టా.

పాతకుంచె
ఊగనీ. ఊగిన గీతే కావాలి అక్కడ.

నీటిబొట్టు
టేప్ మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా, సగంగీత గారూ మీ అంచులు అంత శుభ్రంగా ఎలా వచ్చాయి? నాకు ప్రతిసారీ కిందినుంచి రంగు పాకి రంపపు పళ్లలా వస్తుంది.

సగంగీత
టేప్ అతికించాక చెంచా వెనకవైపుతో అంచుని గట్టిగా రుద్దండి. తర్వాత అసలు రంగు వెయ్యకముందే, టేప్ కింద ఏ రంగుందో అదే రంగుని గానీ, రంగులేని యాక్రిలిక్ మీడియం గానీ పల్చగా అంచు వెంట పుయ్యండి. పాకాల్సింది అదే పాకి సందులు మూసేస్తుంది, కనబడదు. అది ఆరాక అసలు రంగు. పూర్తిగా ఎండకముందే టేప్‌ని వెనక్కి మడిచి నెమ్మదిగా లాగండి. నాలుగు నెలల్లో నేను నిజంగా నేర్చుకుంది ఇదొక్కటే అనిపిస్తోంది ఇవాళ.

పక్కింటి_పికాసో
జెండాల ఫ్యాక్టరీలో ఉద్యోగం ఖాయం.

రంగురాయి
ఆలస్యంగా వచ్చా. సగంగీత పెట్టిన ఫోటోని ఫోన్లో నలుపు-తెలుపు చేసి చూశా. ముదురు నీలం, నెమలికంఠం రెండూ ఒకే బూడిదలోకి పడిపోయాయి. లేత నీలం, ఇసుక కూడా దాదాపు ఒకటే. ఐదు చారలు వేశాననుకున్నారు, కంటికి అందేవి మూడే. వెలుగు లేదు అనిపించడానికి కారణం ఇదని నా అనుమానం. రంగులు మార్చారు, కాంతి మార్చలేదు.

ఇక ఆ తెలుపు. ట్యూబులోంచి తీసింది తీసినట్టే పూసినట్టున్నారు. తీరంలో వెలుగు చూపించాలంటే అందరూ తెలుపు మీద పడతారు. టైటానియం తెలుపు చాలా గట్టి తెలుపు, చల్లగా, సుద్దలా కూర్చుంటుంది. బొమ్మలో అన్నింటికన్నా వెలుగైన చోటు కాస్త పసుపువైపో గులాబీవైపో ఒరిగి ఉంటే దాని పక్క నీలం దానంతటదే చల్లబడుతుంది.

నీటిబొట్టు
పక్క రంగు మారితే ఈ రంగు మారిపోవడం, దానికేదో పేరుంది కదా?

రంగురాయి
షెవ్రుల్ అనే రసాయన శాస్త్రవేత్త 1839లోనే పుస్తకం రాశాడు. అద్దకం దారాల రంగు బాగోలేదని ఫిర్యాదులొస్తే చూశాడట, తప్పు దారంలో లేదు, పక్కనున్న దారంలో ఉంది. తర్వాత చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ 1950 నుంచి చనిపోయేదాకా చదరంలో చదరం పెట్టి ఇదే పని. చదివితే అర్థం కాదు, ఒక బూడిద ముక్క కత్తిరించి నారింజ కాగితం మీద ఒకసారి, నీలం మీద ఒకసారి పెట్టండి. నారింజ మీద అది నీలంగా కనిపిస్తుంది. నేను ఒకసారి నీలం ట్యూబు ముట్టుకోకుండా సముద్రం వేశాను, నలుపూ తెలుపూ కలిపిన బూడిద, కింద కాలిన ఇటుక రంగు ఇసుక, అంతే. చూసినవాళ్లంతా "ఏం నీలం వాడారు?" అని అడిగారు.

మసిబొగ్గు
ఇది మాత్రం ఒప్పుకుంటా. ఈ చర్చలో మొదటిసారి.

పాతకుంచె
అందుకే నేను కాన్వాసు మీద నేరుగా రంగు తేల్చుకోను. పాత కాగితాలకి రంగులు పూసి ఆరబెట్టి, రకరకాల వెడల్పుల్లో పట్టీలు కత్తిరించి పెట్టుకుంటా. ఒక డబ్బా నిండా ఉన్నాయి. వాటిని కాన్వాసు మీద ఆనించి పైకీ కిందికీ జరుపుతా. పట్టీ గోరంత జరిగితే మధ్యాహ్నం సాయంత్రమైపోతుంది ఒక్కోసారి. అలా రెండు రోజులు జరిపాకే కుంచె.

ఉప్పుగాలి
తడి ఇసుక గురించి ఎవరూ మాట్లాడలేదేం? సగంగీత బొమ్మలో తెలుపు తర్వాత నేరుగా ఇసుక. మధ్యలో అసలు కథ పోయింది.

ఈసారి వెళ్లినప్పుడు నీళ్లని చూడకండి, అల వెనక్కి పోయాక నేలని చూడండి. పల్చటి నీటి పొర మిగులుతుంది, ఆ రెండు మూడు క్షణాలు ఇసుక మీద ఆకాశం పరుచుకుంటుంది, పైనున్న లేత నీలం మీ కాళ్ల దగ్గరికి దిగుతుంది. తర్వాత నీళ్లు ఇంకిపోతుంటే అంచుల నుంచి ఆ మెరుపు ఆరిపోతూ వస్తుంది, అద్దం పోయి ముదురు గోధుమరంగు నేల తేలుతుంది. ఆ అంచు అడ్డంగా ఉండదు, ఏటవాలుగా జారుతుంది. ఒక పొడవాటి త్రిభుజం అనుకోండి, మొన సముద్రం వైపు. తీరం మొత్తంలో అడ్డగీతలకి ఎదురుతిరిగేది అదొక్కటే.

మూడు విషయాలు ఒకే ముక్కలో ఉన్నాయి. ఆకాశం రంగు కిందికొస్తుంది కాబట్టి బొమ్మ పైనా కిందా ముడిపడుతుంది. ఏటవాలు గీత దొరుకుతుంది. టైమ్ కూడా వస్తుంది, ఎందుకంటే అది ఉండిపోయే ఆకారం కాదు.

సగంగీత
ఇది నేను చూశాను! చూసి కూడా వెయ్యలేదు. "చారలు మాత్రమే" అని రూలు పెట్టుకున్నా కాబట్టి అటు కన్ను పోలేదు.

పక్కింటి_పికాసో
రూలు పెట్టింది మీరే, పెనాల్టీ కడుతోందీ మీరే.

ఉప్పుగాలి
ఏటవాలు గీతలంటే అమెరికన్ చిత్రకారుడు డీబెన్‌కార్న్ గురించి చెప్పకుండా ఉండలేను. కాలిఫోర్నియాలోని సాంటా మోనికాలో తీరానికి దగ్గర ఆయన స్టూడియో. 1967లో మొదలుపెట్టి ఇరవై ఏళ్లపాటు ఒకే వరస, ఓషన్ పార్క్ పేరుతో సుమారు 140 బొమ్మలు, అంకెలే పేర్లు. మనిషికన్నా ఎత్తైన కాన్వాసులు. పెద్దపెద్ద పాలిపోయిన నీలం, ఆకుపచ్చ మడులు, పై అంచు దగ్గర గుంపుగా గీతలు, కోణాలు. బొగ్గుతో గీత గీయడం, నచ్చక పల్చటి రంగుతో కప్పడం, పక్కకి జరిపి మళ్లీ గీయడం. పాత గీతలు కింద నుంచి కనిపిస్తూనే ఉంటాయి, దాచడు. ఉప్పు పొగమంచులోంచి వచ్చే ఎండ ఆ పొరల్లో ఉంది.

మసిబొగ్గు
ఆగండాగండి. ఓషన్ పార్క్ అన్నది ఆ పేట పేరు. స్టూడియో ఆ పేటలో ఉంది కాబట్టి ఆ పేరు పెట్టాడు. పేరులో "ఓషన్" ఉందని తరాల తరబడి జనం అందులో సముద్రం వెతుక్కుంటున్నారు. నేను మొదట్నుంచీ చెబుతున్న చీటీ మహిమకి ఇంతకన్నా సాక్ష్యం కావాలా? ఆ కోణాలు కిటికీవి, వీధులవి కూడా కావచ్చు.

ఉప్పుగాలి
కిటికీ మాట నిజమే, ఒప్పుకుంటా. ఇంకో కిటికీ కూడా ఉంది. 1966లో లాస్ ఏంజెలెస్‌లో ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ బొమ్మల పెద్ద ప్రదర్శన జరిగింది, డీబెన్‌కార్న్ చూశాడు. అందులో 1914 నాటి కొలియూర్ కిటికీ బొమ్మ ఉంది. కొలియూర్ సముద్రం ఒడ్డున ఊరు. అక్కడ కిటికీ తెరిస్తే ఏముండాలి? వెలుగు, నీళ్లు. మతీస్ పక్కల నిలువు పట్టీలు వేసి నడిమధ్య అంతా నలుపు పూసేశాడు. దగ్గరికి వెళ్తే నలుపు కింద బాల్కనీ కమ్మీల జాడ కనిపిస్తుంది, అంటే ముందు బయటి దృశ్యం వేసి తర్వాత కప్పాడు.

మీరన్నట్టు చీటీ మహిమే అనుకుందాం. మరి ఆ నలుపు ముందు నిలబడితే కళ్లు చికిలించాలనిపిస్తుందే, అది ఏ చీటీ మీద రాసుంది?

మసిబొగ్గు
మీరు ఎదురుగా నిలబడి చూశారా?

ఉప్పుగాలి
లేదు, అచ్చులోనే చూశా. అయినా చికిలించా.

మసిబొగ్గు
సరే, ఈ పాయింటు మీకు. చికిలించినందుకు.

గాలిపటం
అందరూ అడ్డంగానే చూస్తున్నారు. ఒక్కసారి పైనుంచి చూడండి. తీరం పక్కన ఉప్పుమడులుంటాయి, విమానం కిటికీలోంచి చూశాను. దీర్ఘచతురస్రాలు తప్ప ఇంకేం లేదు. గట్లు గీతల్లా. ఒక్కో మడి ఒక్కో రంగు, ఉప్పు ఎంత చిక్కబడిందో దాన్నిబట్టి. పల్చటి నీళ్లు ఆకుపచ్చ, చిక్కబడ్డాక గులాబీ, ఎరుపు. బాగా ఉప్పెక్కిన నీళ్లలో బతికే సూక్ష్మజీవుల రంగట అది. చివరి మడి తెలుపు. జామెట్రీ కనిపెట్టక్కర్లేదు, అక్కడ ఎవరో ముందే గీసి పెట్టారు.

మసిబొగ్గు
అది గీస్తే పటం అవుతుంది. ముందే గీసి ఉన్నదాన్ని మళ్లీ గీయడంలో మీ పనేముంది?

గాలిపటం
మడులు ముందే ఉన్నాయి సరే. ఏ మడి పక్కన ఏ మడి పెట్టాలో నేనే కదా ఎంచుకునేది. నేను ఉన్నవాటిని ఉన్న వరసలో వెయ్యను.

పాతకుంచె
డీబెన్‌కార్న్ కూడా 1970లో హెలికాప్టర్‌లో ఎడారి, నది, సాగునీటి కాలవల మీద తిరిగొచ్చి ఆ నేల ముక్కల్ని బొమ్మల్లోకి తెచ్చుకున్నాడు. పీటర్ లాన్యన్ అని ఇంగ్లండ్‌లో సెయింట్ ఐవ్స్ తీరం చిత్రకారుడు, ఆ కొండ అంచుల్ని పైనుంచి చూడ్డానికి 1959లో గ్లైడర్ నేర్చుకున్నాడు. 1964లో గ్లైడర్ ప్రమాదం తర్వాతే పోయాడు పాపం. అయితే ఆయనవి ఇంకో చిత్రకారుడు బెన్ నికల్సన్ బొమ్మల్లా కొలిచిన ఆకారాలు కావు, గాలిలా చుట్టుకుపోతాయి.

పక్కింటి_పికాసో
సగంగీత గారూ, వదినగారి మాట పట్టించుకుని గ్లైడర్ ఎక్కొద్దు.

నీటిబొట్టు
ఇంత చదివాక ఒక సందేహం. పూర్తిగా గీతలదాకా పోవడం తప్పనిసరా? సగంలో ఆగకూడదా?

రంగురాయి
ఆగొచ్చు. నికొలా ద స్టాయెల్ అనే చిత్రకారుడు అలాగే ఆగాడు. కత్తితో మందంగా పూసిన రంగు ముక్కలు, ఒక్కోటి ఇటుకలా. 1953లో సిసిలీ వెళ్లొచ్చాక ఎరుపు ఆకాశాలు, పసుపు నేలలు వేశాడు. ఆ తర్వాత ఫ్రాన్స్‌లోని ఆంటీబ్‌లో సముద్రం పక్కన ఉన్నాడు, 1955లో అక్కడే చనిపోయాడు. పడవో, గట్టో, ఆకాశమో అని తెలుస్తుంది, అదే సమయంలో రంగు ముక్కే అని కూడా తెలుస్తుంది. అటూ ఇటూ కాకుండా నిలబడ్డం తేలికేం కాదు, అటు పోవడమే తేలిక.

సగంగీత
పదహారు రోజుల తర్వాత వచ్చా. ఈ చర్చ కిందికి మునిగిపోయిందేమో అనుకున్నా, పైకి లాగుతున్నందుకు క్షమించాలి.

మొదట చూడ్డానికే వెళ్లా, కుంచె తీసుకెళ్లలేదు. మాస్టారు చెప్పినట్టు బొటనవేలు పెట్టా. పక్కన ఆడుకుంటున్న పిల్లాడొకడు నన్ను చూసి వాడూ పెట్టాడు. నిజమే, సముద్రమంతా పోయింది. మధ్యాహ్నం, గాలి బాగా ఉంది, గీత నల్లగా కోసినట్టుంది. చీకటిగది గారు చెప్పిన తెల్ల పట్టీ కూడా కనిపించింది, చేత్తో సముద్రాన్ని మూసేస్తే మాయమైంది, చెయ్యి తీస్తే వచ్చింది. పదిసార్లు చేశా.

ఇంటికొచ్చి పాత బొమ్మ మీదే వేశా, కొత్త కాన్వాసు తియ్యలేదు. ఆకాశం ఇప్పుడు సగానికి పైగా ఉంది. ముదురు చార వేలెడు కూడా లేదు, దానికొక్కదానికే టేప్. దాని కింద నెమలికంఠం తీసేసి బూడిద వేశా, కాగితం పట్టీలు మూడు రోజులు జరిపి జరిపి తేల్చుకున్న బూడిద. అది ఆకుపచ్చగా కనిపిస్తోంది, ఒట్టు. తెలుపు చార లేదు. దాని బదులు ఎడమవైపు నుంచి ఏటవాలుగా దిగే త్రిభుజం, ఆకాశం రంగే, ఒక మెట్టు ముదురు. దాని అంచు చేత్తో గీశా, ఊగింది, వదిలేశా. పాత చారల అంచులు రెండుచోట్ల రంగు కిందనుంచి గట్టులా తేలి ఉన్నాయి. ఇసుక కాగితంతో రుద్దబోయి ఆగా.

ఒక చోట మాత్రం తేలలేదు. కుడివైపు అడుగున ఇసుక మరీ ఖాళీగా ఉంది, అక్కడ ఏదో కావాలి. ఏంటో తెలీట్లేదు.

పాతకుంచె
ఫోటో చూశా. ఆ ఖాళీ జోలికి పోకు. అక్కడే నువ్వు కూర్చున్నావు.

రంగురాయి
నలుపు-తెలుపులో చూశా. ఈసారి అన్నీ విడివిడిగా ఉన్నాయి. ఆకాశం, త్రిభుజం మాత్రం బాగా దగ్గర, కానీ అది కావాలనే కదా.

సగంగీత
కావాలనే అని చెప్పాలనుంది. సగం కావాలని, సగం బూడిద రంగు నిండుకుని.

నీటిబొట్టు
వదినగారేమన్నారు? అందరం దానికే కదా ఆగింది.

సగంగీత
వచ్చింది, చూసింది. జెండా ఊసు ఎత్తలేదు. "ఇంత ఎండలో ఎందుకెళ్లావురా" అంది.

పక్కింటి_పికాసో
జంపఖానా మాట వెనక్కి తీసుకుంటున్నా.

మసిబొగ్గు
చెప్పకుండానే ఎండ కనిపించిందంటే సరే. మరి చీటీ మీద ఏం రాశారు? తీరమా, సాగరమా, అనంతమా?

సగంగీత
మీకు భయపడి అవేవీ రాయలేదండీ. వెనకాల పెన్సిలుతో "12.40" అని రాసుకున్నా.

పక్కింటి_పికాసో
బస్సు టైమా?